వినడం ఎవరి పని? శబ్ద పర్యావరణ వాదం, వెలివాడ చెవి

జూలై 18ని ప్రపంచంలో కొన్నిచోట్ల 'ప్రపంచ శ్రవణ దినం'గా 2010 నుంచి జరుపుకుంటున్నారు. ఆ రోజు కొంతమంది గుంపుగా బయల్దేరి, మాట్లాడకుండా, చుట్టూ వినిపించే చప్పుళ్ళను శ్రద్ధగా వింటూ నడుస్తారు. పిట్టల అరుపులు, నీటి చప్పుడు, రోడ్డు మీద బండ్ల రొద, ఏదైనా సరే. కెనడా సంగీతకారుడు ఆర్. మర్రీ షేఫర్ పుట్టినరోజు అది. 'శబ్ద పర్యావరణం' అనే మాటను ఒక ఆలోచనగా, ఒక చదువుగా నిలబెట్టిన మనిషి ఆయన. 2021లో చనిపోయాడు.

మన క్యాలెండర్‌లో దానికి ఒక్కరోజు ముందు జూలై 17 వుంది. 1985లో ఆ రోజున కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలను చంపారు. ముందురోజు మంచినీళ్ళ చెరువును మురికి చేయొద్దని మాదిగలు అభ్యంతరం చెప్పడం దగ్గర మొదలైందది. మున్నంగి సువార్త అనే మాదిగ మహిళ ఎదురు నిలబడింది, నోరెత్తి మాట్లాడింది. ఆ గొంతు ఊరికి వినిపించింది. వినిపించింది కాబట్టే ఊరు కత్తులూ బరిసెలూ పట్టుకొచ్చింది.

ఈ రెండు తేదీలు పక్కపక్కనే వుండటం కాకతాళీయమే. దాన్నుంచి ఏదో సిద్ధాంతం లాగాలని మా వుద్దేశం కాదు. కానీ 'వినడం నేర్చుకుందాం' అని ఎవరైనా పిలుపిచ్చినప్పుడు, మనం ఏ తేదీ దగ్గర నిలబడి ఆ పిలుపు వింటున్నామో చెప్పుకోవాల్సి వుంది. శబ్ద పర్యావరణం గురించి ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో కూడా మాట్లాడుతున్నారు. విద్యార్థులు సెల్‌ఫోన్‌తో పల్లె చప్పుళ్ళు రికార్డు చేసి ప్రాజెక్టులు రాస్తున్నారు. మంచిదే. ఆ చదువుకు వున్న చెవి ఎవరిదో పరీక్షించకుండా దాన్ని తెచ్చుకుంటే మాత్రం మన వాడ మనకే వినపడకుండా పోతుంది.

ముందు వాళ్ళు చెప్పేదేమిటో న్యాయంగా చెప్పుకుందాం. షేఫర్, ఆయన సహచరులు 1970ల మొదట్లో వాంకూవర్ దగ్గరి సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1973లో వాంకూవర్ నగరం చప్పుళ్ళను రికార్డు చేసి అచ్చేశారు. 1975లో యూరప్ వెళ్ళి స్వీడన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్, స్కాట్లాండ్ దేశాల్లో ఒక్కో పల్లె చొప్పున అయిదు పల్లెలను విన్నారు. 1977లో షేఫర్ పుస్తకం 'ద ట్యూనింగ్ ఆఫ్ ద వరల్డ్' వచ్చింది. ఆయన చేసిన విభజన మన విద్యార్థులకు పనికొచ్చేదే. ఒక చోట ఎప్పుడూ అడుగున వుండి, వున్నట్టే తెలియని చప్పుడు ఆధార ధ్వని: సముద్రతీరంలో అలల హోరు, ఇప్పటి పట్నంలో మోటార్ల రొద లాగా. మనల్ని పిలిచి, ఆపి, పని చెప్పేది సంకేత ధ్వని: గంట, సైరన్, హారన్ లాంటివి. ఆ వూరికే ప్రత్యేకమై, అక్కడి జనం తమదని చెప్పుకునేది గుర్తు ధ్వని. చదువంటే కంటితో చదివేదేనని నమ్మే మనలాంటి పంతుళ్ళకు ఇది చెంపదెబ్బే. కులం గురించి రాసేటప్పుడు మనం కూడా కంటికి కనబడేవే రాశాం: వేరే బావి, రెండు గ్లాసులు, గుడి గుమ్మం, చెప్పులు చేతబట్టుకొని నడిచే వీధి. చెవికి తగిలేవాటిని రాయలేదు.

అయితే షేఫర్ విలువ కట్టే పద్ధతి ఒకటుంది. దూరపు చప్పుడు కూడా తేటగా వినపడే చోటు మంచిది, చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి పడి మసకబారిన చోటు చెడ్డదంటాడు. పల్లె మొదటిది, పట్నం రెండోది. చర్చి గంట ఎంత దూరం వినిపిస్తే అంతవరకూ ఒక సముదాయం అంటాడు. ఆ గంట అందర్నీ ఒకచోట చేరుస్తుందని ఆయన నమ్మకం. గంట తాడు ఎవరి చేతిలో వుందనే ప్రశ్న అక్కడ పలచబడిపోతుంది. ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ కార్బెన్ 1994లో పల్లె గంటల మీద పుస్తకం రాశాడు. విప్లవం తర్వాత ఫ్రాన్స్‌లో ఆ గంటల్ని కరిగించడం గురించీ, వాటిని మోగించే హక్కు ఎవరిదని ఫాదిరీకీ ఊరి మేయర్‌కీ నడిచిన తగాదాల గురించీ అందులో వుంది. అంటే యూరప్ పల్లెలో సైతం గంట ఒక అధికారమే. షేఫర్‌కి ఇది తెలియదని మేం అనం. బలవంతుడంటే పెద్ద చప్పుడు చేసేవాడు మాత్రమే కాదనీ, ఎంత చప్పుడు చేసినా ఎవడూ తప్పుపట్టలేనివాడనీ ఆయనే రాశాడు. అంత మంచి మాట రాసిన మనిషి దాన్ని పల్లె గంట దాకా పూర్తిగా తీసుకురాలేదు. కర్మాగారం దగ్గరే ఎక్కువగా ఆగాడు.

ఆయన సొంత గడ్డ మీద నుంచే దీనికి జవాబు వచ్చింది. స్టోలో జాతికి చెందిన పండితుడు డిలన్ రాబిన్సన్ 2020లో 'హంగ్రీ లిజనింగ్' అనే పుస్తకం రాశాడు. బంగారం కోసం ఎగబడి వచ్చిన తెల్లవాళ్ళను ఆ జాతి భాషలో 'ఆకలిగొన్నవాళ్ళు' అనే అర్థమున్న మాటతో పిలుస్తారు. ఆ ఆకలి భూమితో ఆగలేదనీ, ఆదివాసుల పాటల్ని కూడా తమ సంగీతానికి ముడిసరుకుగా తీసుకుందనీ రాబిన్సన్ చూపిస్తాడు. మన జానపద గేయ సంకలనాలు తెరిస్తే ఈ ఆకలి ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. నాట్ల పాట వుంటుంది. పాడినామె పేరుండదు, కులముండదు, ఆ రోజు కూలెంతో వుండదు. గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న ఆసామికి వినపడాలని ఎత్తుకున్న చరణమేదో, అతను కాఫీకి లేచెళ్ళాక ఎత్తుకున్న చరణమేదో అసలే వుండదు.

ఇక మన ఊరికొద్దాం. ఇక్కడ కులానికీ చప్పుడుకీ ముడి చాలా పాతది. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం తిరిగిన చీనా యాత్రికుడు ఫాహియాన్ రాసిపెట్టాడు: చండాలురు ఊరి బయట వుంటారు, నగర ద్వారంలోకో బజారులోకో వచ్చేటప్పుడు కర్రను కొడుతూ చప్పుడు చేస్తారు, ఆ చప్పుడు విని జనం తప్పుకుంటారని. షేఫర్ భాషలో చెప్పాలంటే సంకేత ధ్వనే. కానీ గంట 'రండి' అంటే ఈ కర్ర 'తప్పుకోండి' అంటుంది. పైగా ఆ చప్పుడు చేయాల్సింది తప్పుకునేవాడు కాదు, ఎవర్ని చూసి తప్పుకుంటారో వాడు. తన వెలిని తానే మోగించుకుంటూ నడవాలి. మరోవైపు గౌతమ ధర్మసూత్రం వుంది. వేదం చదువుతుంటే కావాలని విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పోయాలంటుంది. శంకరాచార్యుడు బ్రహ్మసూత్రాలకు రాసిన భాష్యంలో ఇదే వాక్యాన్ని ప్రమాణంగా ఎత్తిచూపాడు. ఒకడు వినకూడదు, ఒకడు వినిపించి తీరాలి. శబ్దం మీద కులం వేసిన కట్టడి ఇది. ఇంతటి చరిత్ర వున్న దేశంలో 'అందరం కలిసి చెవులు శుభ్రం చేసుకుందాం' అంటే, ఎవరి చెవిలో ఏం పోశారో ముందు అడగాలి గదా. ('చెవులు శుభ్రం చేసుకోవడం' షేఫర్ పాఠానికి పెట్టుకున్న పేరే, మేం ఎగతాళికి పెట్టింది కాదు.)

డప్పు దగ్గర ఈ రెండు కట్టడులూ కలుస్తాయి. మాదిగ మనిషి ఊళ్ళోకి కొన్ని పనుల మీదే పోగలడు. డప్పు శబ్దం మాత్రం ప్రతి ఇంట్లోకీ పోతుంది, వంటింట్లోకీ పోతుంది, గర్భగుడిలోకీ పోతుంది. సర్కారు శిస్తు కట్టమన్న చాటింపు, పశువు తప్పిపోయిందన్న చాటింపు, జాతర, పెళ్ళి, చావు ఏదైనా ఊరికి ఆ చప్పుడు కావాలి. ఆ చప్పుడు చేసిన చెయ్యి అక్కర్లేదు. చావు కబురు పొరుగూరికి మోసుకెళ్ళిన వెట్టివాడు కూడా ఇంటి ముందు దూరంగా నిలబడి కేకేసి చెప్పాలి. ముట్టుకోలేని చోట గొంతును వాడుకున్నారు. పొరుగున తమిళంలో 'పఱై' అంటే డప్పే. అది వాయించే కులం పేరే ఇంగ్లీషు భాషలోకి పోయి, ప్రపంచమంతా వెలివేసినవాడికి వాడే మాటయింది. ఒక వాయిద్యం పేరు తిట్టుగా ఖండాలు దాటింది. వీణకు ఆ గతి పట్టిందా?

చట్టానికి చెవి వుందా అని చూద్దాం. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టానికి 1976లో 7ఎ సెక్షన్ చేర్చారు. అంటరానితనం పేరుతో బలవంతంగా చేయించకూడని పనులు అందులో లెక్కపెట్టారు: పాకీపని, ఊడ్చేపని, కళేబరం తీయడం, తోలు వొలవడం, బొడ్డుతాడు తీయడం. ఆ వరసలో డప్పు లేదు. 'అలాంటి మరే పనైనా' అన్న చివరి ముక్కలో కలిపి చదువుకోవాలి. కంటికి, ముక్కుకు అసహ్యమైన పనులన్నీ చట్టం గుర్తించింది. చెవికి ఇంపుగా వుండే వెట్టి ఒకటుందని దానికి తట్టలేదు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు పెన్షన్ ఇస్తోంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఇస్తున్నందుకు మాకేం కష్టం లేదు, ఇవ్వాల్సిందే. వెట్టి అన్న మాట ఎక్కడా పలకకుండా నేరుగా 'కళాకారుడు' అన్న మాటకు గెంతడం మీదే మా పేచీ.

ఒంగోలు దాపుల ఒక పల్లెలో ముసలి డప్పు వాద్యకారుడితో మేం రెండు పూటలు కూర్చున్నాం. మా ప్రశ్నలన్నీ పుస్తకాల ప్రశ్నలు. "తాతా, డప్పంటే నీకేమనిపిస్తది?" అని అడిగాం. ఆయన మా వంక జాలిగా చూసి, "అనిపించేదేముంది నాయనా, తోలు జారిందా బిగిసిందా అని చూసుకుంటా" అన్నాడు. తర్వాత వానాకాలం గురించి చెప్పాడు. ముసురు పట్టిందంటే తోలు నీరుతాగి మెత్తబడుద్ది. గడ్డి మంట మీద కాస్తే మళ్ళీ గొంతొస్తుంది. ఎక్కువ కాస్తే పగులుద్ది. ఎంతవరకూ కాయాలో కన్ను చెప్పదు, వేలితో మీటి వినాలి. కుడిచేతి సిర్రకు ఒక మోత, ఎడమచేతి సిటికెనపుల్లకు ఇంకో మోత. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఆయనకు ముందు డప్పివ్వలేదంట. ఏడాదిపాటు మంట కాయడమే పని. దెబ్బ మారినప్పుడల్లా అదేం దెబ్బో చెప్పమనేవాడంట, తప్పు చెబితే పుల్లతో వేళ్ళ మీద ఒకటి. పక్కూరి డప్పు గాలివాటున వినపడితే శవం ఇంటి ముందుందా, లేచిందా, దారిలో దించారా అన్నది కూర్చున్నచోట నుంచే చెప్పగలడు. మాతంగి దెబ్బ, సమిడిక దెబ్బ, గుండం దెబ్బ అని మనం పేర్లు రాసుకుంటాం. ఆయనకవి ఏ సమయంలో ఎవరు ఏ పనిలో వున్నారో తెలిపే కబుర్లు.

మరి కూలెంత తాతా అంటే నవ్వాడు. "పెద్ద చావుకి గింజలు. చిన్న చావుకి కల్లు. మాట పడితే అదీ లేదు." ఒకసారి చావింటి దగ్గర అర్ధరాత్రి దాకా కొట్టి, ఆకలేసి ఆపితే ఇంటాయన ఏమన్నాడో కూడా చెప్పాడు. దాన్ని ఇక్కడ రాయం. ఆయన రాయొద్దన్నాడు.

ఇది విన్నాక మాకు మా విమర్శ మీదే అనుమానం వచ్చింది. 1990లలో దళిత కవిత్వం, దళిత విమర్శ డప్పును గుండెకెత్తుకున్నాయి. అది అవసరమైన పని. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి వుద్యమానికి జనం పెట్టుకున్న పేరే 'దండోరా'. ఊరి పని మీద మోగిన చాటింపు వాద్యాన్ని తమ లెక్క అడగటానికి వాడారు. 2004 చిన్నయ్య కేసు తీర్పులో వర్గీకరణ చెల్లదన్న సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెల్లుతుందని చెప్పేదాకా ముప్ఫై ఏళ్ళు ఆ డప్పు మోగింది. వర్గీకరణ మీద మన పాఠకుల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయని మాకు తెలుసు. ఇక్కడి చర్చ అది కాదు. ఒక రాజకీయ వుద్యమం తనకు జెండా రంగుతోనో నాయకుడి పేరుతోనో కాక ఒక చప్పుడుతో పేరు పెట్టుకోవడం మన విమర్శకు పట్టాల్సినంత పట్టలేదు. మనం డప్పును ప్రతీకగా చదివాం, ధిక్కారం అన్నాం, గుండె చప్పుడు అన్నాం. ఏ దెబ్బ ఎప్పుడు పడుతుంది, ఏ దెబ్బను వుద్యమం సభల్లోకి తెచ్చుకుంది, చావు దెబ్బను ఎందుకు బయట వదిలేసింది అని అడిగినవాళ్ళు తక్కువ. ప్రతీక చేయడమంటే కొంతవరకు వినడం ఆపేయడమే. ఈ తప్పులో మేమూ వున్నాం. మా పాత వ్యాసాల్లో డప్పు అన్న మాట లెక్కలేనన్ని సార్లు వుంది. తోలు వానలో జారుతుందన్న సంగతి ఒక్కచోట కూడా లేదు.

శ్రుతిజ్ఞానం ఎవరికుంది అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. కర్ణాటక సంగీత సభల్లో మృదంగం వుంటుంది. దాని తోళ్ళు ఆవువి, గేదెవి, మేకవి. వాటిని ఎంచి, నానబెట్టి, బిగించి, పలికించి చూసేవాళ్ళు ఎక్కువగా దళితులు, దళిత క్రైస్తవులు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని వాళ్ళ మీద పుస్తకం రాశాడు. ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర ఆ జనవరిలో వెనక్కి తీసుకుంది, సభ వేరేచోట జరిగింది. మేం చెప్పదలచింది సభ గొడవ కాదు. విద్వాంసుడు వేదిక మీద శ్రుతి సరిచూసుకుంటే దాన్ని విద్య అంటాం. అదే తోలును అంతకు ముందు నెలంతా విని విని ఆ శ్రుతికి తెచ్చినవాడి పనిని 'రిపేరు' అంటాం. షేఫర్ శిష్యులు శిక్షణ పొందిన చెవి గురించి మాట్లాడేటప్పుడు మన విద్యార్థులు ఆ ముసలాయన వేలి కొసనూ, ఆ మృదంగం చేసేవాడి చెవినీ గుర్తుకు తెచ్చుకోవాలి. అక్కడ శిక్షణ వుంది, బడి లేదంతే.

ఇప్పుడు 'శబ్ద కాలుష్యం' అన్న మాట దగ్గరికి. 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పరిశ్రమలుండే చోట 75, 70. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదు. సంస్కృతి, మతం పేరు మీద ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ 15 రోజులు ఎవరి పండగలో ఎంచేది ఎవరో వేరే చెప్పాలా? మన ఊళ్ళలో చాలాచోట్ల ఆరు కాకముందే గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963 నాటి రికార్డు. అది ఎవరికీ కాలుష్యం అనిపించదు, 'తెల్లవారింది' అనిపిస్తుంది. అంటే ఆధార ధ్వని అయిపోయింది. అదే పల్లెలో ఆదివారం చర్చి మైకు మోగితే గొడవ.

చెన్నైలో ఒక ప్రార్థనా మందిరం మీద కాలనీ సంక్షేమ సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదంది. తీర్పుతో మాకు తగువు లేదు. కానీ ఫిర్యాదు చేసే చెవి ఎవరికి వుంది, ఎవరి ఫిర్యాదు స్టేషన్ దాకా పోతుంది అన్నది డెసిబెల్ మీటర్ కొలవదు.

అలాగని నిశ్శబ్దం అడగడమంతా అగ్రకుల పన్నాగమని కొందరు మిత్రులు మాట్లాడుతున్నారు. దానితో మేం ఏకీభవించం. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన పెద్ద తీర్పు వెనక ఒక పసిపిల్ల వుంది. పదమూడేళ్ళ పిల్ల మీద అత్యాచారం జరిగితే, పక్కన లౌడ్‌స్పీకర్ రొదలో ఆమె కేకలు ఎవరికీ వినపడలేదని 1998 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఆ సాయంత్రం ఆమె నిప్పంటించుకుని చనిపోయింది. ఆ కేసు అక్కడ మొదలైంది. రొద బలహీనుల గొంతునే ముందు మింగుతుంది. మన వాడల్లో ఇవాళ డప్పు స్థానంలో డీజే పెట్టెలొచ్చాయి. పెళ్ళికీ, జయంతికీ గుండె అదిరేలా పెడుతున్నారు. అంబేడ్కర్ జయంతి వూరేగింపులో వుపన్యాసం వినపడటం లేదు, పాలిచ్చే తల్లులు పసిబిడ్డల చెవులు మూసుకుని ఇళ్ళలో కూర్చుంటున్నారు. 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన వూరేగింపుల్లో డీజేల్ని నిషేధించారు. పోలీసులు చెప్పకముందే మనం ఈ మాట మన వాడల్లో మాట్లాడుకోవాల్సింది. 'ఇన్నాళ్ళు వాళ్ళు మోగించారు, ఇప్పుడు మా వంతు' అనే కుర్రవాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. ఆ కోపం ఎవరి చెవులు పగలగొడుతోందో వాళ్ళూ చూడాలి.

ఇంకొక లెక్క. ఇంటి దగ్గర పగలు 55 డెసిబెల్స్ హద్దన్నాం. ఫ్యాక్టరీ లోపల పనిచేసేవాడికి రోజుకి ఎనిమిది గంటలపాటు 90 దాకా పర్వాలేదని నిబంధనలు చెబుతాయి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. 35 పెరిగిందంటే మూడువేల రెట్లకు పైమాటే. నిద్రపోయే మధ్యతరగతి చెవికీ, గ్రానైట్ కోసే రంపం పక్కన నిలబడిన కూలి చెవికీ మధ్య చట్టమే ఒప్పుకున్న దూరం అది. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో శబ్దం వల్ల వచ్చే చెవుడు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో వుండేది. రాయి కోసే ఊళ్ళలో నలభై దాటిన మనిషితో మాట్లాడాలంటే గట్టిగా అరవాలి. 'వీళ్ళు అరుచుకోకుండా మాట్లాడుకోలేరు' అని ఊరు అనేది కూడా ఆ మనుషుల్నే.

2020 కూడా మరిచిపోకూడదు. మార్చి 22 సాయంత్రం అయిదింటికి బాల్కనీల్లో పళ్ళేలు మోగాయి. తర్వాత లాక్‌డౌన్. ప్రపంచమంతా మనుషుల చప్పుడు తగ్గిందని భూకంప యంత్రాలు సైతం నమోదు చేశాయి. పిట్టల కూతలు వినపడుతున్నాయని పట్నాల్లో చాలామంది మురిసిపోయి రాశారు. శబ్ద పర్యావరణ వాదులు కూడా ఆ నిశ్శబ్దాన్ని ఎంతో శ్రద్ధగా రికార్డు చేశారు. ఆ పొద్దున్నే పిట్టల కూతతో పాటు వినపడిన ఇంకో చప్పుడు చెత్తబండిది, చీపురుది. ఆ రోజుల్లో రోడ్ల మీద వందల మైళ్ళు నడిచిన కూలీల అడుగుల చప్పుడు ఎన్ని రికార్డింగుల్లో దొరుకుతుంది?

ఇన్ని మాటలన్నాక, మేం ఏం చేస్తున్నామో కూడా చెప్పాలి. షేఫర్ సహచరి హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1974లో రాసిన 'వింటూ నడవడం' అనే పద్ధతిని తీసుకుని, దానికి మా ప్రశ్నలు చేర్చుకుని, డిగ్రీ విద్యార్థులతో ఒక పల్లెలో చేశాం. తెల్లవారుజామున ఒక గంటసేపు ఎవరి వీధిలో వాళ్ళు కూర్చుని విన్నది రాయాలి. ప్రతి చప్పుడు పక్కన నాలుగు సంగతులు: ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, దానికి కూలి వుందా, అది ఎవరికి వినపడకూడదు. ఊరి వైపు కూర్చున్న పిల్లలు కోడికూత, గుడి మైకు, పాలకేంద్రం దగ్గర క్యాన్ల మోత, ట్రాక్టరు రాశారు. నాలుగో గడి చాలామంది ఖాళీగా వదిలేశారు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకా ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

వాడ నుంచి వచ్చిన ఒక హాస్టల్ అమ్మాయి 'హారన్' అని రాసింది. ఏం హారన్ అమ్మా అంటే చెప్పింది. ఆసామి బండి మీద వస్తాడు, వీధి మొదట్లో ఆపుతాడు, లోపలికి రాడు, మూడుసార్లు హారన్ కొడతాడు. అది వాళ్ళమ్మకు పిలుపు. రెండుసార్లయితే పక్కింటి పెద్దమ్మకు. వాళ్ళ నాయనమ్మ కాలంలో అదే చోట నిలబడి 'ఒసే' అని కేకేసేవాళ్ళంట. కేక పోయి హారన్ వచ్చింది. మనిషి నిలబడే చోటు మాత్రం జానెడు జరగలేదు. ఇప్పుడు కొందరు మిస్డ్ కాల్ ఇస్తున్నారని కూడా చెప్పింది. ఫోనులో పేరెట్టి పిలుస్తారా అని అడిగితే, "పిలవరు సార్. కలిసిందని తెలవగానే కట్ చేస్తారు" అంది.

ఆ కాగితం చదివినప్పుడు షేఫర్ పుస్తకం మాకు ఎంతవరకు పనికొస్తుందో తేలిపోయింది. ఆయన లేకపోతే మేం ఆ పిల్లను పొద్దున్నే కూర్చుని వినమని అడిగేవాళ్ళం కాదు. ఆయన ఒక్కడే వుంటే ఆ హారన్ ఒక మోటార్ రొదగా లెక్కలో కలిసిపోయేది.

ఈ పనిలో ఆడవాళ్ళ సంగతి ఇంకా సరిగా పట్టుకోలేదని కూడా ఒప్పుకోవాలి. డప్పు మగవాళ్ళది. మేం డప్పు వెంట పోయి వాడంతా విన్నామనుకున్నాం. వాడలో రోలు, తిరగలి, రోకలి చప్పుళ్ళు మిల్లుల రాకతో చాలావరకు పోయాయి. ఆ చప్పుళ్ళ చాటున ఆడవాళ్ళు మాట్లాడుకున్న మాటలు ఎక్కడికి పోయాయో తెలుసుకోవాల్సి వుంది. నాట్లు కూడా కాంట్రాక్టుకు పోయాక పాటకు తీరిక లేదు. ఎకరానికి ఇంతని మాట్లాడుకున్న ముఠా పాడుతూ కూర్చోదు. తాగొచ్చిన మొగుడి అడుగుల చప్పుడు దూరం నుంచే పోల్చుకుని పిల్లల్ని పక్కింటికి పంపే ఆడమనిషి చెవి ఏ రికార్డింగులోకి వస్తుంది? అది కూడా వాడ చెవే. దాన్ని వదిలేసి డప్పును మాత్రమే కీర్తిస్తే మన విమర్శ సగం చెవిటిది.

అదే అమ్మాయి కాగితం చివర ఇంకో రెండు లైన్లున్నాయి. మేమిచ్చిన గంట అయిపోయాక, ఎవరూ అడక్కుండా రాసింది. రాత్రి కుక్కలు ఏ వైపు మొరుగుతున్నాయో వాళ్ళ తాత లేచి వింటాడంట. చెరువు వైపయితే మళ్ళీ పడుకుంటాడు. ఊరి వైపయితే లేచి కూర్చుని బండ్లు ఎన్నొస్తున్నాయో లెక్కపెడతాడు. ఒకటయితే ఎవరో పొలానికి పోతున్నారు. నాలుగయిదు కలిసి వస్తుంటే వాళ్ళ నాన్నను లేపుతాడు. ఎప్పటినుంచి అలా వింటున్నాడని అడిగాం. ఆమెకు తెలియదు. ఈసారి ఆయన్ని అడగాలి.